చెల్లెకు బార్డర్‌లైన్ అన్నారు, ఇప్పుడు మూడో థెరపిస్ట్‌ను కూడా వద్దంటోంది. ఆపేయాలా?

అడిగినవారు: మిల్లు లెక్కలాయన (మిర్యాలగూడ)

నేను రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. వయసు 34. చెల్లెకు 25. నాయన పోయి ఆరేళ్లయింది. అమ్మ, నా భార్య, మా బాబు, చెల్లె, నేను ఒకే ఇంట్లో ఉంటాం. పోయినేడు హైదరాబాద్‌లో ఒక సైకియాట్రిస్ట్ చెల్లెను చూసి బార్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ (కోపతాపాలు, బంధాలు నిలకడగా ఉండని మానసిక జబ్బు) అన్నాడు. అంతకుముందు ఒకరు డిప్రెషన్ అన్నారు, ఒకరు బైపోలార్ అన్నారు. మా వీధిలో వాళ్లు గాలి సోకింది అన్నారు. అన్నిటికీ పైసలు పెట్టాం.

ఇంట్లో ఎట్లుంటదో ఒక్క సంగతి చెప్తాను. పోయిన సద్దుల బతుకమ్మకు నా భార్య మబ్బులనే లేచి తంగేడు పువ్వు తెచ్చింది. చెల్లె, ఆమె కలిసి పొద్దంతా బతుకమ్మ పేర్చారు. "వదినా, నువ్వు నాకు అమ్మ కంటే ఎక్కువ" అని పదిమందిలో కావలించుకుంది. రాత్రి ఇంటికొచ్చాక బాబుకు జ్వరం ఉంటే నా భార్య వాడి దగ్గర పడుకుంది, చెల్లెను అన్నం తిన్నావా అని అడగలేదు. అంతే. తెల్లారి "ఈమె మొదటి నుంచీ నన్ను చంపాలనే చూస్తోంది" అంటోంది. నిన్నటి మాట గుర్తు చేస్తే, నిన్న నటించింది అంటుంది. అబద్ధం చెప్తున్నట్టు కూడా ఉండదు. నిజంగానే నిన్నటి వదిన ఆమెకు కనిపించడం లేదు.

ఇంకొకటి. "నువ్వు నన్ను వదిలించుకోవాలని చూస్తున్నావు" అని మొదలుపెడుతుంది. లేదమ్మా అంటాను. మళ్లీ అదే. గంట, రెండు గంటలు. చివరికి నేను అరుస్తాను, ఔను పో, నాకు నీతో ఏగడం చేతకాదు అని. అప్పుడు చల్లగా "చూశావా" అంటుంది. ఆ మాట నా నోట్లో ఆమే పెట్టినట్టుంటది. తర్వాత నాకు నా మీదే అసహ్యమేస్తుంది.

చేతులకు గాయాలు చేసుకోవడం రెండుసార్లు జరిగింది. ఈ ఆర్నెల్లలో లేదు. ఎండాకాలంలో సాగర్ ఎడమ కాలువ గట్టు మీద నిలబడి ఫోన్ నీళ్లలోకి విసిరేసింది. పదకొండు వేలు. మొన్న కొత్తది కొని చేతికిస్తే, "దీనికి ఈత నేర్పి ఇవ్వు అన్నా" అంది. నాకు ఒళ్లు మండింది. పైసల విలువ తెలియదు, పైగా ఎకసెక్కాలు.

ఇప్పుడు మూడో థెరపిస్ట్ దగ్గర ఎనిమిది నెలల నుంచి చూపిస్తున్నాం. మొదటి ఇద్దరి దగ్గర నాలుగు సార్లు, రెండు సార్లు, అంతే. ప్రతి గురువారం పొద్దున ఐదు గంటల బస్సు. ఫీజు 1500, ఇద్దరికి బస్సు చార్జీలు, నాకు ఒక రోజు జీతం కట్. ఈ మేడం "స్ప్లిట్టింగ్" అంటది, "అవి ఆమె డిఫెన్సులు, తొందరపడి విరగ్గొట్టకూడదు" అంటది. మొన్నటిదాకా చెల్లెకు ఈ మేడం దేవత. పోయిన గురువారం నుంచి "ఆమెకు ఏమీ రాదు, పైసల మనిషి, నేను రాను" అంటోంది.

నాకు తెలియాల్సింది ఇది. ఈ డిఫెన్సులు అనేవి తగ్గుతాయా? అవి తగ్గితేనే జబ్బు తగ్గినట్టా? లేక ఇది పుట్టుకతో వచ్చిన గుణమా, నేను గురువారం గురువారం బస్సు కంపెనీని పోషిస్తున్నానా?

జవాబు 1: సాగర్ రోడ్

బ్రదర్, అన్నిటికీ ఒకటే మందు. మంచి సంబంధం చూసి పెండ్లి చేయండి. బాధ్యత మీద పడితే ఇవన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి. ఈ థెరపీలు అవీ ఉన్నోళ్లు చేసే టైంపాస్.

జవాబు 2: పాలమూరు సైకాలజిస్ట్

మహబూబ్‌నగర్‌లో క్లినికల్ సైకాలజిస్ట్‌ను. మీ చెల్లెలిని నేను చూడలేదు, కాబట్టి ఆమెకు ఏముందో, ఏం లేదో చెప్పను. మీరు అడిగిన దాని గురించి మాత్రం చెప్తాను. పొడుగ్గా ఉంటుంది, ఓపిక చేసుకోండి. (పెండ్లి సలహా ఇచ్చిన ఆయనకు ఇంకెవరైనా జవాబు చెప్తారని వదిలేస్తున్నాను.)

ముందు పేరు గురించి. అమెరికా వాళ్ల డాక్టర్ల పుస్తకంలో దీనికి తొమ్మిది లక్షణాలు రాశారు, ఐదు ఉంటే చాలు. లెక్కల మనిషి కదా, వేసి చూడండి, ఐదూ అంతకన్నా ఎక్కువా కలిసే తీరులు 256 వస్తాయి. అందుకే మీ దగ్గరి డాక్టర్లు తలా ఒక పేరు చెప్పడంలో పెద్ద వింత లేదు. మూడ్ గంటల్లో మారితే బార్డర్‌లైన్ వైపు, రోజులూ వారాలూ ఒకే తీరున నడిస్తే బైపోలార్ వైపు అని మేం మొదట చూస్తాం. అంత సులువుగా తేలదనుకోండి.

ఇక డిఫెన్స్. ఈ మాట వినగానే ఇంట్లో వాళ్లు "అంటే నాటకమా" అంటారు. కాదు. కంట్లో దుమ్ము పడబోతే రెప్ప మూసుకుంటుంది, మనం మూయం. మనసు కూడా తట్టుకోలేని దాన్ని అట్లాగే ఆపుతుంది. అందరికీ ఉంటాయి, మీకూ ఉన్నాయి. తేడా ఎక్కడంటే, కొన్ని రకాలు ఆ క్షణం కాపాడి తర్వాత ఇల్లు ముంచుతాయి.

మీ వదినా మరదళ్ల కథలో ఉన్నది స్ప్లిట్టింగ్. ఓటో కెర్న్‌బర్గ్ అనే సైకియాట్రిస్ట్ 1967లో దీన్ని ఈ జబ్బుకు నడుమ పెట్టి రాశాడు. ఒకే మనిషిలో మంచీ చెడూ రెండూ ఉంటాయని ఒప్పుకుంటే, చెడ్డది వచ్చి మంచిదాన్ని పాడుచేస్తుందన్న బుగులు. అందుకని రెంటినీ రెండు వేర్వేరు అర్రల్లో పెట్టి తాళం వేస్తుంది. ఒక అర్ర తెరిస్తే రెండోది మూసే ఉంటుంది. "నిన్నటి వదిన ఆమెకు కనిపించడం లేదు" అని మీరు రాశారు చూడండి, మా పాఠాల కంటే సరిగ్గా చెప్పారు.

రెండు గంటలు పోరి మీ నోట "పో" అనిపించడం ప్రొజెక్టివ్ ఐడెంటిఫికేషన్. పేరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. "నన్ను వదిలేస్తారు" అన్న భయాన్ని లోపల మోయలేక మీలో పెడుతుంది. మీరు నిజంగానే అట్లా అయ్యేదాకా మోపుతుంది. అప్పుడామెకు ఒక తీరు నెమ్మది, ఎందుకంటే భయం నిజమైంది, ఇక ఎదురుచూడక్కర్లేదు. అందుకే "చూశావా" అన్నప్పుడు గొంతు చల్లగా ఉంటుంది. మీకు మీ మీదే అసహ్యం వేసింది అన్నారు. అందులో కొంత మీది కాదు, ఆమెదే మీ చేతికొచ్చింది.

ఫోన్ కాలువ పాలు కావడం యాక్టింగ్ అవుట్. మాట కావలసింది నోటికి రాకముందే చేతిలోకి వస్తుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, తగ్గుతాయా అని. అమెరికాలో బోస్టన్ దగ్గర మెక్‌లీన్ హాస్పిటల్‌లో మేరీ జనరీని అనే ఆమె 1992లో ఒక పని మొదలుపెట్టింది. ఈ జబ్బుతో వార్డులో చేరిన 290 మందిని రెండేళ్లకోసారి కలుస్తూ వచ్చారు. పదేళ్ల లెక్క 2010లో వచ్చింది. వందలో 93 మందికి కనీసం రెండేళ్లపాటు లక్షణాలు జబ్బు అనే హద్దు కిందికి దిగాయి. కానీ లక్షణాలు దిగడంతో పాటు ఒక మంచి స్నేహమో బంధమో నిలబడి, పనికి వెళ్లగలగడం కూడా కలిపి చూస్తే సగం మందే. ఈ రెండు అంకెల నడుమ ఉన్న దూరంలోనే మా పనంతా ఉంది.

2013లో వాళ్లే పదహారేళ్ల లెక్కతో డిఫెన్సుల మీద ఇంకొకటి రాశారు. ఈ పేషెంట్లలో స్ప్లిట్టింగ్, ప్రొజెక్షన్ (తన లోపలిది ఎదుటివాళ్లదే అనుకోవడం) లాంటివి మొదట ఇతరుల కంటే ఎక్కువగా ఉన్నా, ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతూ వచ్చాయి. అంటే పుట్టుగుణం అని చేతులు దులుపుకోవడానికి లేదు. నాకు బాగా పట్టుకున్న సంగతి ఇంకొకటి. ఎవరు ఎప్పుడు కోలుకుంటారో చెప్పగలిగినవి నాలుగే తేలాయి. మూడు అడ్డం పడేవి: యాక్టింగ్ అవుట్, ప్రొజెక్షన్, ఇంకా "నా బాధ ఎంతుందో మీకెవరికీ అర్థం కాదు" అని ఎదుటివాళ్లను లోలోపల నిందిస్తూ ఆ బాధనే చూపిస్తూ పోవడం. నాలుగోది సాయపడేది: హాస్యం.

ఇప్పుడు మీరు రాసిన "దీనికి ఈత నేర్పి ఇవ్వు అన్నా" అన్న మాట మళ్లీ చదవండి.

ఒళ్లు మండిందన్నారు, పదకొండు వేలు కాబట్టి మండుతుంది. కానీ అందులో ఎవర్నీ తిట్టలేదు. తనను తాను పురుగులా చూసుకోలేదు. నేను విసిరాను అని ఒప్పుకుంటూనే ఒక అడుగు పక్కకు జరిగి తనను తాను చూసింది. ఏడాది కింద ఆమె ఆ మాట అనగలిగేదా? నేనైతే ఆ మాటను మీ మేడంకు చెప్పమంటాను. వంద గాయాల సంగతి చెప్తాం, ఇట్లాంటివి చెప్పం.

మందుల గురించి ఒక్క మాట. ఈ జబ్బుకే ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు లేదు. నిద్రకో, వెంట ఉన్న డిప్రెషన్‌కో ఇస్తారు. అసలు పని థెరపీదే. అయితే రాసిచ్చిన మందులు డాక్టర్‌ను అడగకుండా ఆపకండి.

జవాబు 3: దేవరకొండ టీచర్

నేను సైకాలజిస్ట్‌ను కాను. మీ చెల్లె ఉన్న చోట ఉండి వచ్చినదాన్ని. ఇప్పుడు 36 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో ఆరో తరగతికి తెలుగు చెప్తాను.

ముందుగా సాగర్ రోడ్ అన్నకు. నాకు 22కే పెండ్లి చేశారు అన్నా, బాధ్యత వస్తే సర్దుకుంటదని. పద్నాలుగు నెలలు నిలిచింది. ఆయన చెడ్డవాడు కాదు. ఆఫీసు నుంచి అరగంట ఆలస్యమైతే నేను తలుపు తీసేదాన్ని కాదు. తీస్తే కాళ్లు పట్టుకునేదాన్ని. ఆయన తల్లి చివరికి బాపుకు ఫోన్ చేసి "మీ పిల్లను మీరే చూసుకోండి" అంది. మీరిచ్చిన మందుకు బిల్లు ఇద్దరు మనుషులు కట్టారు.

తమ్ముడూ, పైన మేడం రెండు అర్రలు అన్నారు కదా. లోపలినుంచి అట్లా ఉండదు. లోపలికి ఒకటే అర్ర, ఎప్పుడూ ఒకటే. అవతల ఇంకోటి ఉందని ఎవరైనా చెప్తే వాళ్లు నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నారనిపించేది. నా థెరపిస్ట్ ఒక నోట్‌బుక్ పెట్టమంది. మంచిగున్న రోజు అమ్మ నాకేం చేసిందో రాసుకోవాలి, చెడ్డరోజు చదవాలి. "ఇవాళ అమ్మ ఉప్పుడుపిండి చేసింది, అడుగున మాడినది తను తిని నాకు మెత్తటిది పెట్టింది" అని రాసుకున్నాను. చెడ్డరోజు చదివితే ఎవరో రాసినట్టుండేది. నా చేతిరాతే, అయినా నమ్మకం కలిగేది కాదు. రెండుసార్లు ఆ పేజీలు చించాను. మూడో ఏడు ఒకనాడు కోపంగా ఉండే తీశాను, చదివాను, కోపం పోలేదు. కానీ మాడిన ఉప్పుడుపిండి కూడా నిజమే అనిపించింది. రెండూ ఒకేసారి. కడుపులో తిప్పినట్టయింది. బాగుపడటం అంత హాయిగా ఏమీ ఉండదు, అది ఎవరూ చెప్పరు. అప్పటిదాకా ఒకరి మీద కోపమొస్తే సాఫీగా కోపమే ఉండేది. ఇప్పుడు కోపం, జాలి, సిగ్గు అన్నీ కలిసి ఆగమాగం.

నేనూ థెరపిస్ట్‌ను వదిలేశాను. ఆమె పది నిమిషాలు లేటుగా వచ్చింది, నేను లేచి వెళ్లిపోయాను. రాత్రి పదకొండు మెసేజీలు పెట్టాను, ఇక్కడ రాసేవి కావు. మూడు వారాలకు మళ్లీ పోయాను, ఎందుకు పోయానో తెలియదు. తిడుతుందనుకున్నాను, లేదంటే మంచిగా నవ్వి ఏం జరగనట్టు ఉంటుందనుకున్నాను. రెండూ కాలేదు. "ఆ మెసేజీలు చదివి నాకు బాధ కలిగింది. మీరు మళ్లీ వచ్చినందుకు సంతోషంగానూ ఉంది" అంది. ఒకే మనిషికి నా మీద రెండూ ఉండొచ్చని నేను మొదటిసారి చూసింది అప్పుడే. ఆ మూడు వారాల కోసమే ముందు పద్దెనిమిది నెలలు నడిచాయేమో అనిపిస్తుంది నాకు.

ఇంకొకటి, నాకు పని చాలా సాయపడింది. పొద్దున ఎనిమిదింటికి నలభైమంది పిల్లలు ఎదురుచూస్తుంటే, నాకివాళ లోకమంతా శత్రువే అని మంచం మీద పడుకోవడం కుదరదు. మీ చెల్లె ఏమైనా పని చేస్తోందా? మీరు రాయలేదు.

ఇప్పటికీ ఆదివారం సాయంత్రాలు బరువుగానే ఉంటాయి. గాయాలు, అరుపులు ఎప్పుడో పోయాయి. ఒంటరితనం పోలేదు.

అడిగినవారు: మిల్లు లెక్కలాయన

ఇద్దరు అక్కలకూ దండాలు. టీచరక్క రాసింది నా భార్యకు చదివి వినిపించాను. ఆమె ఏమీ అనలేదు, లేచి పోయి చెల్లెకు చాయ్ ఇచ్చి వచ్చింది.

మా మిల్లులో వడ్లు ఆడిస్తే బియ్యం ఒక దిక్కు, ఊక ఒక దిక్కు పోతాయి. నడుమ నూక ఉంటది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, కానీ టిఫిన్ సెంటర్లు దాంతోనే నడుస్తాయి. మా చెల్లె మిల్లులో నూక పడదు, అదే తేడా అనుకుంటున్నాను. మీకు నవ్వొస్తే నవ్వండి, నాకు తెలిసిన భాష ఇదే.

పని లేదక్కా. డిగ్రీ అయింది. ఒక బట్టల షాపులో నెలన్నర చేసింది, ఓనర్ ఒక మాట అంటే మానేసింది.

పాలమూరు మేడం, రెండు అడుగుతాను. ఒకటి, ఇంత పెద్ద లెక్కలు చెప్పారు, అవి పదహారేళ్లు. నాకు పదహారేళ్ల ఫీజు కట్టే శక్తి లేదు. రెండు, రేపొచ్చే గురువారం రానంటే నేనేం చేయాలి? బలవంతంగా బస్సెక్కించాలా?

జవాబు 4: పాలమూరు సైకాలజిస్ట్

పదహారేళ్లు వాళ్లు కలుస్తూ వచ్చారు, అన్నేళ్లు థెరపీ నడిచిందని కాదు. థెరపీలకు గడువులుంటాయి. మార్షా లినెహన్ అనే అమెరికా సైకాలజిస్ట్ డీబీటీని, అంటే ఉప్పెనలా వచ్చే భావాలను తట్టుకోవడం నేర్పే థెరపీని, 1991లో మొదట పరీక్షించినప్పుడు ఏడాది. లండన్‌లో బేట్‌మన్, ఫొనగీ అనే ఇద్దరు చేసిన మెంటలైజేషన్ థెరపీ, అంటే ఎదుటివాళ్ల మనసులో ఏముందో నాకు ఖాయంగా తెలుసు అనుకోకుండా ఆగి ఆలోచించడం నేర్పేది, పద్దెనిమిది నెలలు, తర్వాత కొంత గ్రూపు థెరపీ. ఎనిమిదేళ్ల తర్వాత వాళ్లను మళ్లీ వెతికి చూస్తే, ఆ థెరపీ పొందినవాళ్లలో వందకు 13 మందికే ఇంకా ఆ జబ్బు హద్దులో ఉన్నట్టు తేలింది. మామూలు వైద్యం పొందిన వాళ్లలో 87. చిన్న అధ్యయనం, 41 మందే, అది కూడా చెప్పాలి. ఇందులో ఏది గొప్ప అని నన్ను అడగకండి. 2007లో మూడు రకాల థెరపీలను పక్కపక్కన పెట్టి చూస్తే మూడింటిలోనూ మనుషులు బాగుపడ్డారు. ఒక దారి పట్టుకుని, నడుమ దిగిపోకుండా ఉండటం ముఖ్యం.

నడుమ దిగిపోయేది ఎప్పుడో తెలుసా? సరిగ్గా మీరిప్పుడున్న చోట. దేవతగా ఉన్న థెరపిస్ట్ రాక్షసి అయిన వారం. ఇంట్లో నడిచే ఆట ఇప్పుడు ఆ గదిలోకి వచ్చింది. అది చెడ్డ గుర్తు అనుకుని నాలుగో మనిషిని వెతికితే, నాలుగో మనిషి కూడా ఎనిమిది నెలలకు అక్కడికే వస్తుంది.

బలవంతం వద్దు. "ఆమె మంచిదే కదా, ఎందుకట్లా అంటావు" అని వకాలత్ కూడా వద్దు, అప్పుడు మీరూ ఆ పక్షంలో చేరిపోతారు. "ఔను, ఆమెకు ఏమీ రాదు" అని వంతపాడొద్దు. నేను ఇంట్లో వాళ్లకు చెప్పేది ఇంత: మానేయాలంటే మానెయ్యి, కానీ ఫోన్‌లో కాదు, ఒక్కసారి వెళ్లి ఆమె ముఖం మీదే చెప్పి రా. చాలామందికి తిట్టడానికి వెళ్లడం సులువు. ఈ మాట థెరపిస్ట్‌కు కూడా ముందే చెప్పి ఉంచండి, దాపరికం లేకుండా, మీ చెల్లెకు తెలిసేట్టు.

రెండు గంటల గొడవకు కూడా ఒక మాట. గంట దాకా ఆగకండి. పది నిమిషాలప్పుడే "నాకు కోపం వస్తోంది, నేను బయటికి పోయి అరగంటలో వస్తాను" అని చెప్పి వెళ్లండి. ఇరవై ఎనిమిదో నిమిషానికి ఇంట్లో ఉండండి. ముప్పై ఐదుకు కాదు.

డబ్బు సంగతి మేడంతోనే మాట్లాడండి. ఒక వారం వీడియోలో, ఒక వారం నేరుగా అని కుదుర్చుకునేవాళ్లు ఉన్నారు. మళ్లీ గాయం చేసుకునేలా ఉంటే, చావు మాట వస్తే, గురువారం దాకా ఆగొద్దు. దగ్గర్లోని హాస్పిటల్‌కు తీసుకెళ్లండి. టెలి మానస్ 14416 రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, ఫీజు లేదు. అది మీకు కూడా. అన్నలు ఫోన్ చేయకూడదని రూలేం లేదు.

జవాబు 5: దేవరకొండ టీచర్

తమ్ముడూ, నూక మాట మా స్టాఫ్ రూంలో చెప్పాను, పేర్లు లేకుండానే. అందరూ నవ్వారు, నేను కాస్త ఏడ్చాను. బట్టల షాపు నెలన్నర అంటే తక్కువేం కాదు. నా మొదటి ఉద్యోగం తొమ్మిది రోజులు.

అడిగినవారు: మిల్లు లెక్కలాయన

గురువారం ఏమైందో రాస్తున్నాను. పాలమూరు మేడం చెప్పినట్టే, మానేస్తున్నానని నువ్వే పోయి చెప్పు అన్నాను. పొద్దున నాలుగున్నరకు నాకంటే ముందే తయారై కూర్చుంది. దారంతా ఏం తిట్టాలో ఫోన్‌లో నోట్ రాసుకుంది, నార్కట్‌పల్లి దాటాక నాకు చదివి వినిపించింది, స్పెల్లింగులు చూడమంది. లోపలికి పోయి యాభై నిమిషాలకు బయటికొచ్చింది. కండ్లు ఎర్రగున్నాయి. ఏమైంది అని అడగలేదు. బస్సులో కూర్చున్నాక "సగమే చదివాను, టైం అయిపోయింది. మిగతా సగం వచ్చే గురువారం" అంది.

ఓనర్‌తో మాట్లాడి గురువారం బదులు ఆదివారం మిల్లుకు వస్తానన్నాను. ఒప్పుకున్నాడు.